ఆశ్రయంలో ఉన్నవారు మన చేతిలోని అమానత్

2001వ సంవత్సరం ఆగస్టు 6వ తేదీ తెల్లవారుజామున తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడి గ్రామంలో ఒక పూరిపాకకు నిప్పంటుకుంది. అక్కడి ప్రసిద్ధ దర్గాకు సమీపంలో మానసిక రోగుల కోసం ప్రైవేటు వ్యక్తులు నడుపుతున్న నివాసాలు చాలా ఉండేవి. ఆ పాక వాటిలో ఒకటి. లోపల నలభై మందికి పైగా ఉన్నారు. వారిలో అత్యధికులను గొలుసులతో బంధించి ఉంచారు. మంటలు చుట్టుముట్టినప్పుడు ఒంట్లో సత్తువ ఉన్నవారు సైతం లేచి బయటకు రాలేకపోయారు. మొత్తం 28 మంది ప్రాణాలు కోల్పోయారు.

వారం రోజులకు, ఆగస్టు 13న, ఆ తరహా నివాసాలన్నిటినీ ప్రభుత్వం మూసివేసి, ఐదు వందల మందికి పైగా రోగులను తన సంరక్షణలోకి తీసుకుంది. సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. 2007లో ఆ నివాసం యజమానికి, అతని కుటుంబీకులకు న్యాయస్థానం జైలు శిక్ష విధించింది.

రెండు దశాబ్దాల నాటి ఈ దుర్ఘటనను ఇప్పుడు గుర్తు చేయడానికి కారణం ఉంది. రోగులు తప్పిపోకూడదనీ, తమకు తాము హాని చేసుకోకూడదనీ గొలుసులు వేయడం లోకంలో ఉన్న అలవాటే. వేసేవారు దానిని రక్షణ అనే పిలుస్తారు. ఆ రక్షణే ఏర్వాడిలో ప్రాణాంతకమయింది. కాబట్టి ఆశ్రయం ఇచ్చేవారు, ఆశ్రయానికి తమవారిని అప్పగించేవారు, ఆశ్రయాలకు దానం చేసేవారు, ముగ్గురూ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. మన చేతికి వచ్చిన మనిషి క్షేమంగా ఉండటం అంటే ఏమిటి?

ఒకప్పుడు మన కుటుంబాలలో వృద్ధాశ్రమం అన్న మాట అరుదుగా వినిపించేది. నేడు బిడ్డలు గల్ఫ్ దేశాలకు, అమెరికాకు, హైదరాబాద్, బెంగళూరు నగరాలకు తరలిపోయారు. సంతానం లేని వితంతువులు, మతిస్థిమితం తప్పినవారు, పక్షవాతంతో మంచం పట్టినవారు ఊళ్లలో మిగిలారు. వీరికోసం దైవప్రీతిని ఆశించి కొందరు సోదరులు అద్దె ఇళ్లలో, మస్జిద్‌కు ఆనుకుని ఉన్న గదులలో చిన్న చిన్న ఆశ్రమాలు ప్రారంభిస్తున్నారు. వారి సంకల్పం ప్రశంసనీయం. అయితే ఆచరణలకు ఆధారం సంకల్పమేనని నేర్చుకున్న మనం, మంచి సంకల్పంతో చేసే పనిని మంచిగా చేయవలసిన బాధ్యత కూడా ధర్మమేనని మరచిపోరాదు. నిర్వాహకుని నియ్యత్ ఎంత స్వచ్ఛమైనదైనా, తాళం వేసిన తలుపు మంటల సమయంలో దానంతట అది తెరుచుకోదు.

తఖ్దీర్, తఖ్సీర్

ఆశ్రమంలో ఒక వృద్ధురాలు స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిందనుకుందాం. చుట్టూ ఉన్నవారి నోట మొదట వచ్చే మాట 'తఖ్దీర్'. దైవ నిర్ణయంపై విశ్వాసం మన ఈమాన్‌లో భాగం, సందేహం లేదు. కానీ ఆ గదిలో నెల రోజులుగా కుళాయి కారుతోందనీ, నాచు పట్టిందనీ, ఎవరూ పట్టించుకోలేదనీ తేలితే ఆ సంఘటనకు షరీఅత్ మరో పేరు కూడా పెడుతుంది. అది 'తఖ్సీర్', అంటే చేయవలసిన దానిని చేయకపోవడం. అరబీలో రాస్తే ఈ రెండు పదాలకూ ఒకే ఒక్క అక్షరం తేడా. ఒకదానిలో దాల్, మరొకదానిలో సాద్. మన సంభాషణలో ఆ ఒక్క అక్షరం తరచుగా తారుమారవుతోంది.

ఫిఖ్హ్ గ్రంథాలలో అమానత్ గురించిన అధ్యాయం మదరసా విద్యార్థులందరూ చదివేదే. ఒకరి వస్తువును భద్రపరచడానికి తీసుకున్న వ్యక్తి, తన సొంత వస్తువును ఎలా కాపాడుకుంటాడో దానిని కూడా అలాగే కాపాడాలి. అలా కాపాడినప్పటికీ అది పోతే అతనిపై పరిహారం లేదు. అతను హద్దు మీరినా, అజాగ్రత్త వహించినా మాత్రం పరిహారం చెల్లించవలసిందే. ఒక వెండి గిన్నె విషయంలోనే ఇంత కచ్చితమైన నియమం ఉన్నప్పుడు, ఆదమ్ సంతతికి చెందిన ఒక ప్రాణం విషయంలో ఎంత కచ్చితంగా ఉండాలి! ప్రతి వ్యక్తీ కాపరి వంటివాడేననీ, తన సంరక్షణలో ఉన్నవారిని గురించి అతడు ప్రశ్నించబడతాడనీ దైవప్రవక్త (స) హెచ్చరించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

ఒంటెను వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా, లేక కట్టివేసి భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి, ముందు కట్టివేయమని దైవప్రవక్త (స) బోధించారు. తిర్మిజీ గ్రంథంలోని ఈ హదీసు మనకందరికీ కంఠస్థమే. సిరియా ప్రయాణంలో ఉండగా ముందున్న ప్రాంతంలో ప్లేగు వ్యాపించిందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరగాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక దైవ నిర్ణయం నుండి మరొక దైవ నిర్ణయం వైపునకే వెళుతున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. జాగ్రత్త వహించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని బోధపరచడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదంతం అవసరం లేదు.

రాత్రి దీపం, అడ్డుగోడ లేని డాబా

భద్రతా నియమాలు ఆధునిక ప్రభుత్వాలు తెచ్చిపెట్టినవని కొందరు భావిస్తారు. హదీసు గ్రంథాలను తెరిస్తే మరో దృశ్యం కనిపిస్తుంది. మదీనాలో ఒక రాత్రి ఒక ఇల్లు, అందులో మనుషులు ఉండగానే, కాలిపోయింది. ఆ వార్త విన్న దైవప్రవక్త (స) నిప్పు మనుషులకు శత్రువనీ, నిద్రించే ముందు దానిని ఆర్పివేయాలనీ ఆదేశించారు. హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసును ఇమామ్ బుఖారీ, ఇమామ్ ముస్లిం ఇద్దరూ నమోదు చేశారు. బాధితుల పట్ల సానుభూతితో పాటు మరుసటి రాత్రికి అవసరమైన జాగ్రత్తను కూడా ఆయన (స) బోధించారని గమనించాలి.

అడ్డుగోడ లేని డాబాపై నిద్రించేవాని విషయంలో ఇక రక్షణ బాధ్యత ఉండదని అబూ దావూద్‌లోని ఒక హదీసు హెచ్చరిస్తుంది. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడవుతాడని అదే గ్రంథంలోని మరొక హదీసు తెలుపుతుంది. నిప్పు, పడిపోవడం, మందు. ఈనాడు ఏ ఆశ్రమంలోనైనా ప్రాణాపాయం పొంచి ఉండే ముఖ్యమైన చోట్లు ఈ మూడే. పద్నాలుగు శతాబ్దాల క్రితమే మనకు ఈ మూడింటి గురించి హెచ్చరిక అందింది.

నిప్పు నుండి

అగ్నిప్రమాదంలో మంట కన్నా ముందు పొగ చంపుతుంది. నిద్రలో ఉన్నవారు, లేవలేనివారు మొదటి బాధితులవుతారు. కాబట్టి ఆశ్రమం నడిపేవారు మొదట చూడవలసినవి తలుపులు. ప్రతి హాలుకూ రెండు దారులు ఉండాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. రాత్రివేళ లోపలివారు తెరవలేని విధంగా బయట తాళం వేయడం ఏ పరిస్థితిలోనూ తగదు. దొంగల భయంతో గేటుకు తాళం తప్పనిసరి అయితే, తాళంచెవి రాత్రి కాపలా ఉండే వ్యక్తి ఒంటిమీదే ఉండాలి. దానికి జోడు తాళంచెవి అందరికీ తెలిసిన మరొక చోట ఉండాలి. కిటికీలన్నిటికీ ఇనుప చువ్వలు బిగించిన హాలులో కనీసం ఒక కిటికీ అయినా లోపలి నుండి తెరుచుకునేలా మార్పించాలి.

నడవలేనివారిని కింది అంతస్తులో, తలుపుకు దగ్గరగా ఉంచాలి. మేము చూసిన కొన్నిచోట్ల దీనికి భిన్నంగా ఉంది. అతిథులకు, కార్యాలయానికి కింది గదులు కేటాయించి, మంచం పట్టినవారిని 'ఎలాగూ దిగరు కదా' అని మేడమీద ఉంచారు. దిగలేనివారే కింద ఉండాలన్నది ఆలోచిస్తే ఎవరికైనా తెలిసే విషయం.

గ్యాస్ సిలిండరు పడక గదులకు దూరంగా, గాలి ఆడే చోట ఉండాలి. పరుపుల పక్కన దోమల చుట్టలు, అగరువత్తులు, ఊదు వెలిగించరాదు. ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కూలరు, ఫ్రిజ్, హీటరు కలిపి బిగించరాదు. అగ్నిమాపక సిలిండరు గోడకు అలంకారంగా ఉంటే చాలదు, దాని గడువు చూడాలి, ఆయాకూ వాచ్‌మన్‌కూ వాడటం నేర్పించాలి. 101 అగ్నిమాపక శాఖ, 108 అంబులెన్స్, 112 అత్యవసర సహాయం. ఈ మూడు అంకెలు పెద్ద అక్షరాలతో గోడపై ఉండాలి. మూడు నెలలకొకసారి ఒక సాయంత్రం, నిజంగా నిప్పంటుకుందనుకుని, అందరినీ బయటకు తీసుకువచ్చే అభ్యాసం చేయాలి. ఎవరిని ఎవరు మోసుకురావాలో ఆనాడే తేలిపోతుంది.

వుజూ ఖానాలో, స్నానాల గదిలో

వృద్ధులు జారిపడే సంఘటనలకు మన ఆశ్రమాలలో ఒక ప్రత్యేక కారణం ఉంది. రోజుకు ఐదు పూటలా వుజూ చేసి, తడి పాదాలతో నున్నటి టైల్స్‌పై నడుస్తారు. ఫజ్ర్ వేళ చీకటి, నిద్రమత్తు, రాత్రి వేసుకున్న బీపీ మాత్ర ప్రభావం తోడవుతాయి. ఒక్కసారిగా లేచి నిలబడితే తల తిరుగుతుంది. ఎవరినీ వుజూ మానమని చెప్పలేము, చెప్పరాదు కూడా. చేయవలసింది ఏర్పాటు. కూర్చుని వుజూ చేయడానికి ఎత్తైన పీట, చేతికి అందే కుళాయి, గోడకు పట్టుకోవడానికి గట్టి కడ్డీ, బయటకు వచ్చే చోట పాదాలు తుడుచుకునే పొడి బట్ట, జారని గరుకు నేల, మంచం నుండి వుజూ ఖానా దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం. ఇవేవీ లక్షల రూపాయల ఖర్చుతో కూడిన పనులు కావు.

అనారోగ్యంతో ఉన్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి నమాజ్ చేయమనీ, శక్తి లేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పక్కకు పడుకుని చేయమనీ బోధించారు. నీరు హాని చేసే రోగికి తయమ్ముమ్ అనుమతి ఉంది. ఈ సౌలభ్యాలు తెలియక, లేక తెలిసినా 'జీవితమంతా నిలబడే చేశాను, ఇప్పుడు కూర్చోవడమా' అనే బాధతో, వణికే కాళ్లపై నిలబడి పడిపోయేవారు ఉన్నారు. స్థానిక ఇమామ్ నెలకొకసారి ఆశ్రమానికి వెళ్లి ఈ మసాయిల్ ప్రేమగా వివరిస్తే, అది కూడా ప్రాణరక్షణే.

మంచం పట్టినవారిని కనీసం రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపు మీద, తుంటి మీద పుండ్లు పడతాయి. పడుకోబెట్టి తినిపిస్తే అన్నం మెతుకు ఊపిరితిత్తులలోకి వెళ్లవచ్చు. కూర్చోబెట్టి తినిపించాలి, ఆ తరువాత అరగంటైనా కూర్చోనివ్వాలి. స్నానపు నీళ్లు పోసే ముందు ఆయా తన మోచేతిని ముంచి వేడి చూడాలి. పక్షవాతం వచ్చిన కాలికి కాలుతున్న సంగతి తెలియకపోవచ్చు. ఇక వేసవి సంగతి. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వందల సంఖ్యలో ప్రజలు మరణించిన విషయం మనకు తెలుసు. వయసు మళ్లేకొద్దీ దాహం తెలియడం తగ్గుతుంది. అడిగితే ఇద్దామని కూర్చోకుండా గంటకొకసారి గ్లాసు చేతికి అందించాలి. మూత్రానికి లేవవలసి వస్తుందనే భయంతో నీళ్లు తాగని వృద్ధురాళ్లు చాలామంది ఉంటారు. తోడు వచ్చే మనిషి ఉన్నారన్న ధైర్యం కలిగితే వారు నీళ్లు తాగుతారు.

మందుల పెట్టె

ఒకే హాలులో ముగ్గురు మస్తాన్ బీలు, ఇద్దరు ఖాసిం బీలు ఉండటం మన ప్రాంతాలలో వింత కాదు. ఒకరికి షుగరు, మరొకరికి మూర్ఛ, ఇంకొకరికి గుండె జబ్బు. కొత్తగా చేరిన ఆయా పేరు పిలిచి మాత్ర ఇస్తే, వినికిడి తగ్గిన మరొకరు 'హా' అని చేయి చాపితే ఏమవుతుందో ఊహించండి. కాబట్టి ప్రతి ఒక్కరికీ వేరే పెట్టె ఉండాలి. దానిపై పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఫొటో ఉండాలి. ఏ మాత్ర ఏ పూట ఇచ్చారో, ఎవరిచ్చారో, ఇచ్చిన వెంటనే పుస్తకంలో రాయాలి. ఏ మందు పడదో ఎర్ర సిరాతో ముందు పేజీలోనే ఉండాలి. దాతలు ఇంట్లో మిగిలిపోయిన మందులు తెచ్చి ఇస్తుంటారు. గడువు తీరినవి, వైద్యుడు చూడనివి ఎవరి నోటికీ వెళ్లకూడదు.

రమజాన్ మాసంలో మరింత జాగ్రత్త కావాలి. షుగరు వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు సహరీలో సరిగా తినకుండా రోజా ఉంటే మధ్యాహ్నానికి స్పృహ తప్పవచ్చు. రోగికి, శక్తి ఉడిగిన వృద్ధులకు దివ్య ఖుర్ఆన్ ఇచ్చిన మినహాయింపు, ఫిద్‌యా నియమం అందరికీ తెలిసినవే. మాసం మొదలుకాక ముందే వైద్యుడు, ఆలిమ్ కలిసి ఒక్కొక్కరి విషయం మాట్లాడి నిర్ణయించడం ఉత్తమం.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. రాత్రి అరిచేవారిని, అటూ ఇటూ తిరిగేవారిని నిశ్శబ్దంగా ఉంచడానికి వైద్యుని సలహా లేకుండా నిద్రమాత్ర ఇవ్వడం గొలుసు వేయడానికి భిన్నమైనది కాదు. ఏర్వాడిలో గొలుసు కంటికి కనిపించింది. ఈ గొలుసు కనిపించదు, అంతే తేడా.

కట్టివేయకుండా కాపాడటం

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. మానసిక రోగిని ఏ రూపంలోనైనా గొలుసులతో బంధించడాన్ని దాని 95వ సెక్షన్ నిషేధించింది. తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరే మార్గమూ లేనప్పుడు, మానసిక వైద్యుని అనుమతితో, అవసరమైనంత సేపు మాత్రమే రోగిని నిరోధించవచ్చుననీ, ఆ వివరాలను నమోదు చేయాలనీ 97వ సెక్షన్ చెబుతుంది. శిక్షగా గాని, సిబ్బంది తక్కువగా ఉన్నారన్న సాకుతో గాని అలా చేయరాదు. దర్గా పరిసరమైనా, మదరసా ఆవరణ అయినా, సొంత ఇల్లయినా ఈ నిషేధానికి మినహాయింపు ఉందని ఎవరూ అనుకోరాదు. దుఆ చేయించడానికి వైద్యం అడ్డు కాదు, వైద్యం చేయించడానికి దుఆ అడ్డు కాదు. వ్యాధికి చికిత్స పొందమని ఆదేశించింది దైవప్రవక్త (స)యే.

మరి మతిమరుపు జబ్బుతో గేటు దాటి వెళ్లిపోయే పెద్దాయన సంగతేమిటి? నిర్వాహకుల ఇబ్బంది నిజమైనదే. ముందు ఆయన ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నారో అడగాలి. చాలాసార్లు సమాధానం 'అసర్‌కు వేళయింది, మస్జిద్‌కు' అని వస్తుంది, లేదా 'అమ్మీ ఇంట్లో ఎదురుచూస్తోంది' అని వస్తుంది. ఒకరు చేయి పట్టుకుని ప్రహరీ లోపల నాలుగు చుట్లు నడిపించి తీసుకువస్తే ఆయన మనసు శాంతిస్తుంది. గేటుకు తెరిస్తే మోగే గంట కట్టవచ్చు. మెడలోనో చొక్కా లోపలో పేరు, ఫోను నంబరు ఉన్న గుడ్డ కుట్టవచ్చు. పక్క వీధి దుకాణదారులకు, ఆటో డ్రైవర్లకు ఆయనను పరిచయం చేయవచ్చు. వీటన్నిటికీ ఓపిక, మనిషి కావాలి. గొలుసుకు ఆ రెండూ అక్కరలేదు. అందుకే గొలుసు సులభంగా కనిపిస్తుంది.

నోరు విప్పలేనివారి ఫిర్యాదు

నివాసులకు కీడు బయటి నుండే వస్తుందనుకోవడం పొరపాటు. గిల్లడం, తిట్టడం, తడిసిన బట్టలతో గంటలకొద్దీ వదిలేయడం, పింఛను డబ్బు కాజేయడం, ఆస్తి కాగితాలపై వేలిముద్ర వేయించుకోవడం ఇంటి లోపలే జరిగే పనులు. బాధితులు చెప్పరు. చెబితే ఈ నీడ కూడా పోతుందేమోనని భయపడతారు. ఒంటిపై కమిలిన మచ్చలు, ఒక ఆయాను చూడగానే ముడుచుకుపోవడం, ఉన్నట్టుండి మాటలు తగ్గిపోవడం, ఇవే వారి ఫిర్యాదులు. స్త్రీల సేవకు స్త్రీలే ఉండాలి. ఒంటరి గదిలో తలుపు వేసి సేవ చేయవలసినప్పుడు, వీలైనంతవరకు ఇద్దరు ఉండటం మంచిది. నివాసుల బంగారం, డబ్బు, కాగితాలు ఇద్దరు సాక్షుల సంతకాలతో పుస్తకంలో రాయాలి. అప్పు వ్యవహారాన్నే రాసి సాక్షులను పెట్టుకోమని దివ్య ఖుర్ఆన్ ఆదేశించింది కదా!

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వయోవృద్ధుల బాధ్యత తీసుకున్నవారు వారిని పూర్తిగా వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పోషణ కోసం ట్రిబ్యునల్‌ను ఆశ్రయించే హక్కు పెద్దలకు ఉంది. ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు ఆశ్రయం కల్పించే వృద్ధాశ్రమం ఉండాలని కూడా ఆ చట్టం చెబుతుంది. వృద్ధుల సహాయవాణి నంబరు 14567. ఈ అంకెను ఆశ్రమం గోడపై రాయడానికి నిర్వాహకుడు వెనుకాడితే, ఎందుకు వెనుకాడుతున్నాడని అడగవలసి ఉంటుంది.

దానం ఎటు వెళుతోంది?

ఆశ్రమాలకు దానం చేసేవారి చేయి రమజాన్‌లో ఉదారంగా ఉంటుంది. చీరలు వస్తాయి, బిర్యానీ దేగిశాలు వస్తాయి, ఖర్జూరాలు గుట్టలు పడతాయి. కానీ రాత్రి పది నుండి తెల్లవారేదాకా మేలుకుని ఉండే మనిషి జీతానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. ముప్ఫై మంది ఉన్న చోట రాత్రివేళ ఒకే ఒక ఆయా, పగలంతా పనిచేసిన ఆయాయే, గోడకు జేరగిలబడి నిద్రపోతుంటే తప్పు ఆమెదేనా?

ఇందులో ఒక ఫిఖ్హ్ అంశం కూడా ఇమిడి ఉంది. హనఫీ మజ్‌హబ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని సొంతం కావాలి. దానితో భవనాలు కట్టడం, సిబ్బందికి జీతాలివ్వడం చెల్లదు. అందువల్ల జకాత్ వచ్చినకొద్దీ నివాసుల తిండి, బట్ట, మందులు గడుస్తాయి గాని తలుపు మరమ్మతు, గోడ కడ్డీ, రాత్రి కాపలా అలాగే ఉండిపోతాయి. ఈ ఖర్చులు నఫిల్ సదఖా నుండి, లిల్లాహ్ నిధి నుండి, వక్ఫ్ ఆదాయం నుండి రావాలి. అంటే మనలో కొందరు జకాత్‌కు మించి ఇవ్వడానికి సిద్ధపడాలి.

మన చరిత్రలో దీనికి ఆదర్శాలున్నాయి. హిజ్రీ 88, అంటే క్రీ.శ. 707 ప్రాంతంలో ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ నడవలేని ప్రతి వ్యక్తికి ఒక సేవకుని, చూపులేని ప్రతి వ్యక్తికి ఒక మార్గదర్శిని నియమించినట్లు చరిత్రకారులు రాశారు. 13వ శతాబ్దంలో కైరోలో సుల్తాన్ ఖలావూన్ నిర్మించిన వైద్యశాలలో స్త్రీలకు, పురుషులకు వేర్వేరు విభాగాలు ఉండేవి. వక్ఫ్ ఆదాయంతో అది నడిచింది. మన హైదరాబాద్‌లో 1595 ప్రాంతంలో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన దారుష్‌షిఫా పేరుతో నేటికీ ఒక పేట ఉంది. పూర్వికులు భవనంతో ఆగలేదు. రోగి పక్కన ఉండే మనిషికి జీతం ఎక్కడి నుండి వస్తుందో కూడా ఆలోచించారు.

అప్పగించేవారి బాధ్యత

తల్లిదండ్రులలో ఒకరు గాని ఇద్దరు గాని వృద్ధాప్యానికి చేరితే, విసుగును తెలిపే చిన్న శబ్దం కూడా చేయవద్దని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించింది. వారు ఇంట్లో, బిడ్డల మధ్య ఉండటమే సర్వోత్తమం. ఏ గత్యంతరమూ లేక ఆశ్రమానికి అప్పగించవలసి వస్తే, అప్పగింతతో ఈ ఆదేశం రద్దయిపోదు. నెలకింత అని ఫోనులో డబ్బు పంపడం సేవ కాజాలదు.

తమవారిని చేర్చే ముందు వెళ్లి చూడండి. చెప్పి ఒకసారి, చెప్పకుండా మరొకసారి వెళ్లండి. వంటగదిని, మరుగుదొడ్డిని చూడండి. రాత్రి ఎంతమంది మేలుకుని ఉంటారో అడగండి. నిప్పంటుకుంటే మా అమ్మీని ఎవరు ఎత్తుకుంటారని పేరు పెట్టి అడగండి. క్రితం సారి ఎవరు పడిపోయారు, తరువాత ఏం మార్చారు అని అడగండి. ఎవరూ ఎన్నడూ పడలేదని చెప్పేవారి కన్నా, ఫలానా నెలలో పడ్డారు, ఆ గడప తీయించేశాం అని చెప్పేవారు నమ్మదగినవారు. చేర్చిన తరువాత కూడా వెళుతూ ఉండండి. తరచుగా ఎవరో ఒకరు వచ్చి పక్కన కూర్చునే వృద్ధురాలిని నిర్లక్ష్యం చేయడానికి ఎవరైనా జంకుతారు. దగ్గరివారి రాకపోకలకు మించిన కాపలా లేదు.

ఎవరూ రానివారి సంగతి మొహల్లా చూసుకోవాలి. ప్రతి మస్జిద్ కమిటీ తమ పరిధిలోని ఆశ్రమానికి ఇద్దరు పురుషులను, ఇద్దరు స్త్రీలను నియమించి, నెలకొక జుమా నాడు పంపవచ్చు. అక్కడ ఉన్నవారు ముస్లింలా కాదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తరాదు. వీధిలో యాచిస్తున్న వృద్ధ యూదునికి బైతుల్ మాల్ నుండి జీవనభృతి ఏర్పాటు చేసిన హజ్రత్ ఉమర్ (రజి) సంప్రదాయం మనది. వెళ్లినవారు పండ్లు పంచి ఫొటోలు దిగి రావడం కాకుండా వెనుక తలుపు గొళ్లెం తీసి చూడాలి. వుజూ ఖానా నేలపై అరచేయి పెట్టి చూడాలి. మందుల పుస్తకంలో నిన్నటి తేదీ ఉందో లేదో చూడాలి. రాత్రి కాపలాదారుకు ఈ నెల జీతం అందిందా అని అడగాలి. లోపం కనబడితే నిర్వాహకుని అవమానించకుండా, ఆ లోపం సరిచేయడానికి అయ్యే ఖర్చుతో సహా మరుసటి జుమాకు కమిటీ ముందుంచాలి.

మన నీడన చేరినవారి ప్రాణాన్ని, గౌరవాన్ని అమానత్‌గా భావించి కాపాడే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించు గాక! మన తఖ్సీర్‌ను తఖ్దీర్ పేరిట దాచుకునే అలవాటు నుండి మనలను రక్షించు గాక! ఆమీన్.